నల్లపూస పాకలో తగ్గిన సన్నాయి

నమోదు 63

మళ్లీ తగ్గింది.

పొదుగు కడిగి, పాలగొట్టాలు తగిలించి, వాటి కొసలు గిన్నెలో పెట్టి, ప్లేయరు గుంజకి వేలాడదీశాను. సన్నాయి మొదలైంది. నల్లపూస చెవులు వెనక్కి వాల్చి, కళ్లు అరమోడ్చి, పాలు చేపడం మొదలుపెట్టింది. నాలుగు ధారలు పడ్డాయో లేదో సౌండు దానంతటదే దిగిపోయింది. ప్లస్ బటను నొక్కితే పెరిగింది. వేలు తీస్తే మళ్లీ దిగింది. నల్లపూస కళ్లు తెరిచి, తప్పంతా నాదేనన్నట్టు నావైపు చూసి, పాలు ఎగబీల్చుకుంది.

ఈ పాక దినచర్య రాయడం నా ఉద్యోగంలో ఒక భాగం. మామూలుగా మేత, పేడ, పాలు, నీళ్లు, ఇంతే రాయాలి. దీన్ని చదివే నాథుడు లేడని తెలుసు కాబట్టి నాకు తోచినవన్నీ కూడా రాస్తుంటాను. ఇవాళ్టి నుంచి ఈ ప్లేయరు జబ్బు గురించి రాస్తాను, ఎందుకంటే నల్లపూస ప్రాణం ఇప్పుడు దాని మీద ఆధారపడి ఉంది.

చంద్రుడి మీద ఉన్న ఒక్కగానొక్క గేదె నల్లపూస. భూమి నుంచి సీసాలో పిండంగా వచ్చి, యంత్రం కడుపులో పెరిగి, మా రెండో సొరంగంలో పుట్టింది. మొదటి ఈతలో దూడ దక్కలేదు. దూడ లేని గేదెను చేపించడం భూమ్మీదే కష్టం, ఇక్కడ చెప్పేదేముంది. బుజ్జగించాను, బెల్లం పెట్టాను, పాట పాడాను. పాట పాడితే పాక ఆ చివరికి పోయి నిలబడింది. ఓ రోజు విసుగెత్తి నా కోసం నేను ప్లేయరు పెట్టుకున్నాను. సన్నాయి చెవిన పడగానే పాలు వదిలింది! అప్పట్నుంచీ అదే మందు. కాకపోతే గట్టిగా వినబడాలి. తగ్గితే మహారాణికి నచ్చదు.

ఆ సన్నాయి నా పెళ్లిలో వాయిస్తుండగా రికార్డు చేసింది. పెళ్లి నిలవలేదు గానీ సన్నాయి నిలిచింది. భూమి మీంచి వచ్చేటప్పుడు మనిషికి ఒక్క సొంత వస్తువు తెచ్చుకోనిచ్చారు. అందరూ దేవుడి పటాలు, ఉంగరాలు తెచ్చుకుంటే నేను ఈ ప్లేయరు తెచ్చుకున్నాను. దాని బటన్లు సొంతదారు వేలికి తప్ప పలకవు. దాన్ని పెట్టుకుని, ఆ సన్నాయి మీద నా కబుర్లు నేను చెప్పుకుంటూ పోవడం నాకున్న ఒకే ఒక్క విలాసం.

ధూళి అనుకుంటున్నాను. ఇక్కడ ఏది పాడైనా ముందు ధూళినే తిడతాం. మెత్తటి కుంచెతో బటన్ల సందులన్నీ దులిపాను.

ఒక మంచి సంగతి కూడా రాయాలి. నల్లపూస ఈమధ్య సన్నాయితో గొంతు కలుపుతోంది. ముక్కులోంచి సన్నగా, ఆపకుండా, శ్రుతి పెట్టెలాగా. ఎవరికి చెప్పినా నమ్మడం లేదు.

నమోదు 65

మరమ్మతు కొట్టు దేవదానం దగ్గరికి తీసుకెళ్లాను. అతనిది గుంటూరు వైపు. ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా మాట మాత్రం మారలేదు.

"ఏందక్కా, మళ్లీ ధూళేనా?"

"ధూళైతే దులుపుకోవడం నాకు రాదేంటయ్యా? నీ దాకా ఎందుకొస్తాను?"

విప్పాడు. ప్లస్ బటను మార్చాడు, బ్యాటరీ మార్చాడు. సౌండుకి ఎక్కడైనా హద్దు పెట్టి ఉందేమోనని సెట్టింగులన్నీ వెతికాడు. ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. "నొక్కక్కా" అన్నప్పుడల్లా నేను నొక్కాను. సన్నాయి కొట్టంతా మోగింది. దేవదానం "శభాష్" అన్నాడు. సౌండు తగ్గింది. నోరు మూశాడు, పెరిగింది. అది మర్యాద కాబట్టి ఇద్దరం పట్టించుకోలేదు.

మర్యాద గురించి చెప్పకపోతే కొత్తగా వచ్చేవాళ్లకి అర్థం కాదు. చాలా ఏళ్ల కింద మొదటి సొరంగంలో ఏదో పండగ. పాటలు హోరెత్తుతుంటే, గోడ బీటలిస్తోందని ఒకావిడ అరిచింది. ఎవరికీ వినబడలేదు. గాలి బయటికి పోయి మనుషులు పోయారు. అప్పట్నుంచీ ఊళ్లో పాట మోగే ప్రతి వస్తువులోనూ ఒక చిప్పు పెట్టారు. ఊరి నివాసి గొంతు వినబడగానే పాట తగ్గాలి, ఆ గొంతు ఆగాకే పెరగాలి. సొంతదారు గొంతుకి మాత్రం మినహాయింపు, పాటతో కలిసి పాడుకోవాలి కదా. దీనికి మేం ఎంత అలవాటుపడ్డామంటే, మన రెప్పపాటు మనకు తెలియనట్టే, మాట్లాడితే పాట తగ్గడం మాకు తెలియనే తెలియదు.

దేవదానం కొట్లో ప్లేయరు నిక్షేపంలా పనిచేసింది. పాకకి తెచ్చి గుంజకి తగిలించాను. నాలుగు ధారలు. దిగిపోయింది.

ఆ గుంజనీ, ప్లేయరునీ, దేవదానాన్నీ వరసపెట్టి తిట్టాను.

నమోదు 66

ఇవాళ చేసినవి రాస్తున్నాను. పాకలో చెమ్మ ఎక్కువ, దాని ఊపిరే ఓ మబ్బులాగా ఉంటుంది. అందుకని ప్లేయరుకి పలచటి సంచి తొడిగాను. తగ్గింది. గుంజ మార్చాను. తగ్గింది. దేవదానం దగ్గర ఇయర్‌ఫోన్లు తెచ్చి నల్లపూస చెవులకే తగిలిస్తే పోలా అనుకున్నాను. అది చెవి ఒక్కసారి విదిలిస్తే ఆ ఇయర్‌ఫోను ఎగిరి, ఇక్కడ ఏదైనా నిదానంగానే కదా పడేది, అంత ఎత్తు నుంచి తీరుబడిగా దిగి సరిగ్గా పేడలో పడింది. కడిగి దేవదానానికి తిరిగిచ్చాను. ఎక్కడ పడిందో అతనికి చెప్పలేదు.

పాలు రోజురోజుకీ పడిపోతున్నాయి.

సాయంత్రం పూటకి ఊపిరి ఆఫీసు పానకాలరావు గారు వచ్చారు. ఊళ్లో గాలి లెక్కలు చూసేది ఆయనే. మంచిమనిషి, కానీ నవ్వడం మరిచిపోయాడు. గుమ్మం దగ్గర నిలబడి పాక అంతా చూశాడు.

"తాయారుగారూ, వచ్చే ఊపిరి సభలో నల్లపూస పేరు ఉందండి. రోజుకి ఎనిమిది లీటర్లన్నా ఇస్తేనే దాని గాలి వాటా నిలుస్తుంది."

"ఇస్తుందండీ. ప్లేయరు పాడైంది, అంతే."

"అది ఐదుగురి గాలి పీలుస్తోందండి. బిడ్డని కనడానికి అనుమతి కోసం ఆగిన జంటలున్నారు. వాళ్లకి నేను ఏం చెప్పను?"

"ఆ బిడ్డలు పుట్టాక వాళ్లకి డ్రమ్ములో చేసిన పాలు పట్టమంటారా? మీరు తాగగలరా అవి? పెరుగు తోడేస్తే జిగురులా సాగుతాయి."

ఆయన గాలి గొట్టం మీది అంకె రాసుకుని వెళ్లిపోయాడు. వాటా నిలవకపోతే ఏం చేస్తారో ఇద్దరికీ తెలుసు. పాక తలుపు మూసి, గాలి గొట్టం కట్టేస్తారు. నిద్రలోనే పోతుంది, నొప్పి తెలియదు అంటారు. చెప్పేవాళ్లెవరూ దాని మెడ నిమిరినవాళ్లు కాదు.

నల్లపూసని పోనివ్వను. ఇది దినచర్యలో రాయాల్సిన మాట కాకపోయినా రాస్తున్నాను.

నమోదు 67

దేవదానాన్ని పాకకే రమ్మన్నాను. గేదె వాసనంటే అతనికి పడదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చాడు.

"మాట్లాడకుండా చూడు" అని చెప్పి ప్లేయరు పెట్టాను. చేపింది, తగ్గింది. దేవదానం గుంజకి దగ్గరగా జరిగాడు. ప్లేయరుకి పక్కనున్న చిన్న దీపం కేసి చూశాడు. మర్యాద చిప్పు ఎవరి గొంతైనా విన్నప్పుడు వెలిగే దీపం అది. నేనెప్పుడూ దాన్ని చూసుకోలేదు. అది వెలుగుతోంది.

"ఎవురో మాట్టాడతన్నారక్కా."

"ఎవరూ లేరు కదయ్యా. నేను మాట్లాడినా అది తగ్గదు, నాది కాబట్టి."

"మరి ఎవురి గొంతు అది?"

ఇద్దరం ఒకేసారి నల్లపూస వైపు తిరిగాం. అది కళ్లు మూసుకుని, ముక్కులోంచి సన్నగా శ్రుతి పడుతోంది. మా వైపు చూసి ఆపేసింది. దీపం ఆరింది, సన్నాయి పెరిగింది. సన్నాయి పెరగగానే మళ్లీ శ్రుతి అందుకుంది. దీపం వెలిగింది, సన్నాయి తగ్గింది.

దేవదానం నవ్వి నవ్వి మేతకుండీ మీద కూలబడ్డాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తప్పు ఎక్కడుందో అప్పటికే తెలిసిపోయింది. ఊళ్లో ఊపిరి పీల్చే ప్రతి ప్రాణికీ పుట్టగానే నివాసి సంఖ్య ఇస్తాం, తొలి కేక రికార్డు చేసి ఊపిరి ఆఫీసులో పెడతాం. మనుషులకు చేసినట్టే నల్లపూసకీ చేశాం. గాలి వాటా కావాలంటే తప్పదు మరి. ఆ గొంతు ఊళ్లో ప్రతి చిప్పులోనూ ఉంది. గేదె నివాసి అయితే ప్లేయరు దానికి కూడా మర్యాద ఇస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇన్నాళ్లూ పాపం ఆ ప్లేయరు గేదె ఏం చెబుతుందో విందామని పాట తగ్గిస్తోంది.

"మైకు మూసేస్తే పోలా?"

"మైకు మూస్తే ప్లేయరే ఆగిపోద్దక్కా. చిప్పు పీకినా అంతే. చట్టం గదా."

"ఇంకో ప్లేయరైతే?"

"ఊళ్లో ఏది తెచ్చినా దీని గొంతు దాంట్లో ఉంటది."

నమోదు 68

ఊపిరి ఆఫీసుకెళ్లి పానకాలరావు గారికి ఉన్న సంగతి చెప్పాను. నల్లపూస గొంతు ఒక్కటీ చిప్పుల్లోంచి తీసేయమన్నాను.

ఆయన నిబంధనల్లో చాలాసేపు వెతికాడు. నిజంగానే వెతికాడు, కాదనలేను.

"గొంతు విడిగా తీసే వీల్లేదండి. గొంతు తీయాలంటే పేరే తీయాలి."

"అయితే పేరు తీసేయండి."

"పేరు తీస్తే గాలి వాటా పోతుందండి."

గేదెకి పాట వినిపించాలంటే దాని ఊపిరి తీయాలి, ఊపిరి నిలవాలంటే దానికి పాట వినిపించాలి. ఇంత తెలివైన నిబంధన ఎవరు రాశారండీ అని అడిగాను. "అందరం కలిసే రాసుకున్నామండి" అన్నాడు. అది నిజం. ఓటేసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఒళ్లు మండిపోతోంది. పాకకొచ్చి పేడంతా రెండుసార్లు ఎత్తాను, అవసరం లేకపోయినా.

నమోదు 69

పొద్దున్న పళ్లు తోముకుంటూ ఉంటే తట్టింది. నోట్లో నురగతోనే దేవదానం కొట్టుకి పరిగెత్తాను.

"సొంతదారు గొంతుకి తగ్గదు కదా?"

"తగ్గదు."

"అయితే నల్లపూసని సొంతదారుని చేస్తే?"

అతను నా మొహం వైపు, ఆ నురగ వైపు చూశాడు. వేళాకోళమాడతాడనుకున్నాను. ఆడలేదు.

"చెయ్యొచ్చక్కా. నివాసి ఎవురికైనా రాసియ్యొచ్చు. ఒప్పుకున్నట్టు దాని గొంతు వినబడితే చాలు. వేలిముద్ర బదులు మూతి ముద్ర తీసుకుంటాను. గేదె మూతి మీద గీతలుంటయ్, ఒక్కోదానికి ఒక్కో రకం."

"ఇంకేం మరి."

"ఆగు. ఒకసారి రాసిస్తే నీకు దాని మీద హక్కుండదు. నీ వేలికి పలకదు. నువ్వు నోరు తెరిస్తే తగ్గుద్ది. తిరిగి నీకు కావాలంటే సొంతదారే తన నోటితో ఇచ్చేశానని చెప్పాల."

నల్లపూస ఎంత తెలివిగలదైనా ఆ మాట చెప్పదు.

ఇది నాకు సులువుగా జరిగిన పని అని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ ప్లేయరు తప్ప నాకు ఈ లోకంలో నాది అనే వస్తువు లేదు. పని అయ్యాక మంచం మీద పడుకుని, ఆ సన్నాయి పెట్టుకుని, దాని మీద నా సోది నేను చెప్పుకోకపోతే నాకు రోజు ముగిసినట్టుండదు. నాతో నేను మాట్లాడుకోవడానికి అది ఒక తోడు. భూమ్మీద మా ఊళ్లో ఉన్నప్పుడు నన్ను వసపిట్ట అనేవారు. నోరు మూసుకుని కూర్చునే విద్య నాకు ఇంతవరకూ పట్టుబడలేదు.

"రాసెయ్యి" అన్నాను.

నమోదు 70

రాయింపు పాకలోనే జరిగింది. నిబంధన ప్రకారం పానకాలరావు గారు వచ్చి, నల్లపూస ఎదురుగా నిలబడి, చదవాల్సింది చదివాడు.

"నివాసి నల్లపూస గారికి ఈ వస్తువును స్వీకరించడానికి సమ్మతమేనా?"

నల్లపూస ఆయన చొక్కా అంచు నమలడం మొదలుపెట్టింది.

"సమ్మతమేనా అండి?" అని ఆయన మళ్లీ అడిగాడు, చొక్కా లాక్కుంటూ. గేదెని 'అండి' అన్న మనిషిని మొదటిసారి చూశాను. నేను బెల్లం ముక్క చూపించాను. సొరంగం దద్దరిల్లేలా అరిచింది. పానకాలరావు గారు నమోదు చేసుకున్నాడు. అప్పుడు ఒక క్షణం నవ్వబోయి ఆగినట్టు అనిపించింది.

దేవదానం మూతి ముద్ర తీసుకుని, మైనస్ బటను పీకేశాడు. "ఇంత మూతి పెట్టి నొక్కితే రెండూ నొక్కుకుంటయ్. దీనికి తగ్గించే పని ఎప్పుడు పడుద్దక్కా?" ప్లస్ బటను పెద్దది చేశాడు, గారె అంత.

మూతి ఆనిస్తే సన్నాయి మొదలవుతుందనీ, ఆనించి ఉంచితే పెరుగుతుందనీ బెల్లంతో నేర్పించాను. రెండు పూటల్లో నేర్చుకుంది. ఇప్పుడు శ్రుతి పట్టినా సౌండు తగ్గడం లేదు. పాలు గిన్నెలో నురగలు కట్టి పొంగుతున్నాయి.

చిక్కు అంతా నాతోనే. "మా తల్లే" అని అలవాటు కొద్దీ అన్నాను. సన్నాయి చప్పున తగ్గింది. నా సన్నాయి, నా మాట విని. చెంప మీద కొట్టినట్టయింది. నల్లపూస తల తిప్పి నావైపు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మిగతా పాలు తీశాను.

నమోదు 72

ఊపిరి సభ ఇవాళ పాకలోనే కూర్చుంది. పెద్దలు ముగ్గురు, పానకాలరావు గారు, దేవదానం, నేను. పాలు తీయడం అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదని ముందే చెప్పాను. పెద్దలకి అది కొంచెం కష్టంగానే ఉన్నట్టుంది.

కొత్త మనుషుల్ని చూసి నల్లపూస బెదిరింది. బటను మీద మూతి పెట్టింది గానీ ఎంతకీ చేపలేదు. మెడ నిమిరాను, గడ్డం కింద నిమిరాను, కాళ్ల దగ్గర కూర్చున్నాను. మాట్లాడి ఉంటే ఎప్పుడో లొంగేది. మాటే కదా లేకుండా పోయింది. మామూలుగా సన్నాయి మొదటి కీర్తన ముగిసేలోపే మాకు పాలు తీయడం అయిపోతుంది, ఇవాళ ఆ కీర్తన కాస్తా ముగిసింది. గిన్నెలో అడుగు కూడా తడవలేదు. పెద్దల్లో ఒకాయన పక్కాయన వైపు చూశాడు.

రెండో కీర్తన మొదలైంది. అప్పుడు శ్రుతి అందుకుంది నల్లపూస. మొదటి ధార పడింది. రెండు, మూడు, ఇక వరసగా దిగుతున్నాయి. గిన్నె కొలగీత మీద నాలుగు లీటర్లు దాటింది, ఐదు దాటింది.

అంతలో సౌండు తగ్గింది.

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరూ మాట్లాడలేదు. దేవదానం రెండు చేతులూ పైకెత్తి, నేను కాదన్నాడు. దీపం మాత్రం వెలుగుతోంది. నల్లపూస శ్రుతి ఆపింది, ధార సన్నబడింది. అప్పుడు ఆ తగ్గిన సన్నాయి అడుగున వినబడింది, ప్లేయరులోంచే, ఒక ఆడపిల్ల గొంతు.

"ఇంకొంచెం గట్టిగా వాయించండి బాబాయిగారూ! ఇక్కడికి వినబట్టం లేదు!"

అది నేను. పందొమ్మిదేళ్ల నేను, పీటల మీద కూర్చుని. నా పెళ్లిలో నేనన్న మాట. ఇన్నేళ్లూ ఆ సన్నాయి మీద వాగుతూనే ఉన్నాను కాబట్టి ఒక్కనాడూ వినలేదు. ఇప్పుడు ప్లేయరు నాది కాదు. నివాసి తాయారు ఏదో చెబుతోందని పాట తగ్గించి మర్యాదగా వింటోంది.

"బాబాయిగారూ, మిమ్మల్నేనండీ! కొంచెం గట్టిగా!"

ఆ వెనకే ఒక పెద్ద గొంతు, మా అత్తగారిది. "పెళ్లికూతురు నోరు మూసుకు కూర్చోవాలమ్మా."

ఆ తర్వాత పెళ్లికూతురు నవ్వింది. ఎవరితోనో గుసగుసలాడింది, ఆపలేదు, మళ్లీ అడిగింది. ఆ రోజు నాకు గుర్తుంది. ఎవరూ పెంచలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను అడిగిన ఏదీ ఎవరూ వినలేదు, అందుకే వచ్చేశాను. ఇప్పుడా పిల్ల మాట్లాడుతున్నంతసేపూ సన్నాయి తగ్గే ఉంటుంది, నల్లపూస చేపదు. ఆ పిల్ల నోరు మూయించడం నాకు చేతకాదు. చేతనైనా ఆ పని చేసి ఉండేదాన్ని కాదు.

నల్లపూస మెడ చాచింది. ఎవరూ బెల్లం చూపించలేదు, నేను కదలనే లేదు. తడి మూతిని బటను మీద ఆనించి అలాగే ఉంచింది. సన్నాయి పెరిగింది. ఇంకా పెరిగింది. డోలు గోడలకి తగిలి తిరిగొచ్చింది, పెద్దాయన ఒకరు చెవులు మూసుకున్నారు. ఆ పిల్ల ఇంకా అడుగుతూనే ఉంది, నల్లపూస ఇంకా పెంచుతూనే ఉంది. నల్లపూస మూతి తీయకుండానే చేపింది.

కొలగీత ఎనిమిది దాటింది, తొమ్మిది దాటింది. పానకాలరావు గారు గిన్నెలోకి వంగి చూసి, పెద్దల వైపు తిరిగి తల ఊపాడు. మాట లేకుండా ఒక్కొక్కరే చెయ్యెత్తారు. మూడు చేతులు. నల్లపూసకి గాలి నిలిచింది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపు కూడా గొంతే కాబట్టి, చీర చెంగు నోట్లో కుక్కుకుని చప్పుడు కాకుండా ఏడ్చాను.